మోటారు సంగతి తర్వాత, ముందు స్టాండు చూడండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. సత్యనారాయణపురంలో ఇంటి దగ్గరే దోశెల పిండి రుబ్బి, కిలో ప్యాకెట్లు కట్టి, ముత్యాలంపాడు, గాంధీనగర్ వైపు రోజుకు 60 ప్యాకెట్ల దాకా వేస్తున్నారు. ఇన్నాళ్లూ మీవారి స్కూటీ మీద సాగింది. ఆయన డ్యూటీ టైము మారాక బండి ఇంట్లో ఉండటం లేదు. ముందు పెద్ద పెట్టె ఉన్న కరెంటు కార్గో సైకిలు 65 వేలకు వస్తుందని ప్రకటన చూశారు. అది కొనవచ్చా, మూడు చక్రాల ట్రాలీ మేలా, అసలు ఆడమనిషి ఒక్కతే అంత బరువుతో తొక్కగలదా అని మీ ప్రశ్న. మీ అత్తగారు సైకిలంటే ఒప్పుకోవడం లేదని కూడా రాశారు. దాని గురించీ చెబుతాను.

నేను బెజవాడలోనే 31 ఏళ్లుగా సైకిల్ షాపు నడుపుతున్నాను. అంతకుముందు ఏడేళ్లు వన్‌టౌన్‌లో ఒక కిరాణా కొట్టులో ఇళ్లకు సరుకులు వేసే కుర్రాణ్ణి. పాలవాళ్ల సైకిళ్లు, గ్యాసు బండలవాళ్లవి, టీ క్యాను కట్టుకుని తిరిగేవాళ్లవి చాలా నా చేతి మీదుగా వెళ్లాయి. ఆ అనుభవంతో ముందే చెప్పేస్తున్నాను, 65 వేలు ఇప్పుడే పెట్టకండి. మీ పని పది పన్నెండు వేలలో జరుగుతుంది, అదీ మీరు ఒక్కరే తొక్కుకునేలా.

ముందు మీ పని ఎలాంటిదో చూద్దాం. 60 ప్యాకెట్లంటే ఇంటికి ఒకటో రెండో చొప్పున 40 గుమ్మాల దగ్గర ఆగాలి. మీరు చెప్పిన వీధులన్నీ కలిపి ఒక రౌండు 6 కిలోమీటర్లు దాటదు. నింపాదిగా తొక్కినా తొక్కుడు అరగంటే. మిగతా గంటన్నర అంతా ఆపడం, స్టాండు వేయడం, ప్యాకెట్ తీయడం, మెట్లెక్కడం, వచ్చి స్టాండు తీయడం. అంటే మీది ఎక్కువగా ఆగే పని. ప్రకటనల్లో వేగం చెబుతారు, ఎన్ని కిలోమీటర్లు పోతుందో చెబుతారు. నలభైసార్లు ఆపినప్పుడు ఆ సైకిలు ఎలా నిలబడుతుందో ఏ ప్రకటనా చెప్పదు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు జరిగింది చెబుతాను. వెనక క్యారేజీ మీద 50 కిలోల బియ్యం బస్తా, దాని మీద 15 కిలోల నూనె డబ్బా, హ్యాండిల్‌కి అటూ ఇటూ రెండు నిండు సంచులు. కాలువ వంతెన ఎక్కే వాలులో ఒక ఇంటి ముందు ఆపి స్టాండు వేశాను. సంచులు రెండూ తీసుకుని నాలుగడుగులు వేశానో లేదో వెనక ధబ్బుమంది. హ్యాండిల్ మీద బరువు తీసేసరికి ముందు చక్రం గాల్లోకి లేచి, సైకిలు మొత్తం వెనక్కి కూలబడింది. డబ్బా పగిలి నూనె వాలు వెంట పారింది. ఇసుక తెచ్చి చల్లేలోపు ఒక ముసలాయన జారి పడ్డాడు. దెబ్బ పెద్దది కాదు గానీ, ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచి బరువు సైకిలు ఎవరు తెచ్చినా నేను మొదట వంగి చూసేది స్టాండునే.

మీకు కావలసింది వెనక ఇరుసు దగ్గర బిగించే రెండు కాళ్ల స్టాండు. ఒంటికాలి పక్క స్టాండు వద్దే వద్దు. కాళ్లు రెండూ ఎంత ఎడంగా ఉంటే అంత మంచిది, కనీసం జానెడున్నర ఎడం చూసుకోండి. వెల్డింగ్ షాపులో చెప్పి ఒక్కో కాలి కింద రెండంగుళాల చదరపు రేకు అతికించండి. వానాకాలం మట్టిలో, ఎండాకాలం మెత్తబడిన తారులో మామూలు స్టాండు కాలు దిగబడుతుంది, ఐదు నిమిషాల్లో సైకిలు పక్కకు ఒరుగుతుంది. రేకు ఉంటే దిగబడదు. స్టాండు వేసేటప్పుడు నడుముతో ఎత్తకండి. స్టాండు అడ్డకడ్డీని కుడికాలితో తొక్కిపట్టి, కుడిచేత్తో క్యారేజీ పట్టుకుని వెనక్కి లాగండి, మీ ఒంటి బరువే ఆ పని చేసిపెడుతుంది. రెండు రోజుల్లో చేతికి వచ్చేస్తుంది.

ఇంకో రెండు చిన్న పనులున్నాయి. స్టాండు వేశాక ముందు చక్రం దానంతటదే పక్కకు తిరిగి సైకిలును లాగేస్తుంది. ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టి ఉంచే కాళ్ల నుంచి ఫ్రేము కింది బారుకు ఒక స్ప్రింగు తగిలిస్తే హ్యాండిల్ తిన్నగా నిలబడుతుంది. రెండోది, పాత ట్యూబు నుంచి రెండు వేళ్ల వెడల్పు రింగు ఒకటి కోసి హ్యాండిల్ పిడికి తొడిగి ఉంచండి. వాలులో ఆపినప్పుడు దాన్ని ముందు బ్రేకు మీదికి లాగితే బ్రేకు పట్టి ఉంటుంది, సైకిలు జరగదు. దానికి పైసా ఖర్చు లేదు, ఏ సైకిల్ షాపులో అడిగినా పాత ట్యూబు ఇస్తారు.

ఇక బరువు ఎక్కడ పెట్టాలన్నది. మన పాలవాళ్ల సైకిలు ఎప్పుడైనా నిలబడి చూడండి. క్యాన్లు క్యారేజీ మీద ఉండవు, రెండు పక్కలా కొక్కేలకు వేలాడుతుంటాయి. క్యాను అడుగు ఇంచుమించు చక్రం ఇరుసు దాకా దిగుతుంది. గ్యాసు బండలు వేసేవాళ్లూ అంతే. నిండు బండ సుమారు 30 కిలోలు ఉంటుంది, అందులో గ్యాసు 14.2 కిలోలు, మిగతాదంతా ఇనుము. దాన్ని నెత్తి మీద పెట్టుకున్నట్టు క్యారేజీ మీద నిలబెడితే మొదటి మలుపులోనే సైకిలు పడుకుంటుంది. పక్కన కిందికి వేలాడదీస్తే అదే బరువు అణిగిమణిగి ఉంటుంది. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన పిల్లలు క్యారేజీ మీద ప్లాస్టిక్ ట్రేలు ఒకదాని మీద ఒకటి మూడు వరసలు కడుతున్నారు. చూడటానికి పొందికగా ఉంటుంది గానీ తొక్కేవాడి భుజాలు సాయంత్రానికి పీకేస్తాయి. సైకిలు తోకాడించిన ప్రతిసారీ హ్యాండిల్‌తో సరిచేసుకోవాల్సి రావడమే దానికి కారణం.

ఝార్ఖండ్‌లో సైకిలు మీద 200 కిలోలకు పైగా బొగ్గు బస్తాలు కట్టుకుని పోయేవాళ్ల ఫొటోలు చూసి, సైకిలు ఎంతైనా మోస్తుందనుకుంటారు కొందరు. వాళ్లు ఆ సైకిలు ఎక్కరు, పక్కన నడుస్తూ మైళ్లకొద్దీ తోస్తారు. బతుకు కోసం ఒళ్లు హూనం చేసుకునే పని అది, మనం కొలతగా పెట్టుకోవలసింది కాదు. ఎక్కి తొక్కుతూ, నలభైసార్లు ఆగే మనిషికి, అందులోనూ ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లకి 30 కిలోలు హాయిగా ఉంటుంది, 40 దాకా సర్దుకోవచ్చు. అందుకే 60 ప్యాకెట్లు ఒకేసారి వద్దు. పొద్దున 30, సాయంత్రం 30 వేయండి. పొద్దున టిఫిన్‌కి కావలసినవాళ్లు, రాత్రికి కావలసినవాళ్లు ఎలాగూ వేరువేరుగా ఉంటారు.

క్యారేజీకి రెండు పక్కలా ఇనుప చట్రాలు పెట్టించి, వాటిలో సరిగ్గా కూర్చునే గోనె పట్టా సంచులు గానీ, ప్లాస్టిక్ డబ్బాలు గానీ అమర్చుకోండి. చట్రం చేయించేటప్పుడు రెండు కొలతలు తప్పకండి. ఒకటి, పెడలు వెనక్కి వచ్చినప్పుడు మీ మడమ సంచికి తగలకూడదు, కాబట్టి చట్రం ఒక బెత్తెడు వెనక్కి జరగాలి. మీరు సీటు మీద కూర్చుని, ఎవరైనా సైకిలు పట్టుకుంటే పెడలు తిప్పి చూసి గుర్తు పెట్టించుకోండి. రెండు, సంచులతో కలిపి మొత్తం వెడల్పు హ్యాండిల్ వెడల్పు దాటకూడదు. హ్యాండిల్ దూరిన చోట సైకిలంతా దూరాలి. లేకపోతే ఆగి ఉన్న ఆటో పక్కనుంచి పోయేటప్పుడు ముందు భాగం దాటిందనుకుంటారు, వెనక సంచి తగిలి పడతారు.

చట్రాన్ని ఫ్రేముకు వెల్డింగ్ చేయించకండి. నట్లు, బోల్టులతోనే బిగించండి. ఒకాయన తొందరపడి ముందు ఫోర్కుకే కడ్డీ వెల్డింగ్ చేయించుకున్నాడు. నాలుగు నెలలకు సరిగ్గా ఆ అతుకు పక్కనే చీలిక వచ్చింది. నిమ్మకాయంత వేడి మచ్చ చుట్టూ ఇనుము బలం పోతుంది, పైకి రంగు వేసి ఉంటుంది కాబట్టి కనపడదు. ఆయన అదృష్టం, నెమ్మదిగా పోతున్నప్పుడు విరిగింది.

ప్యాకెట్లు తీయడంలోనూ ఒక పద్ధతుంది. ఎడమ సంచిలోంచి ఒక ఇంటికి, కుడి సంచిలోంచి తర్వాతి ఇంటికి. ఒకే సంచి ఖాళీ చేసుకుంటూ పోతే పదో ఇంటి దగ్గరికి ఒక పక్క 5 కిలోలు, ఇంకో పక్క 15 కిలోలు అయి సైకిలు ఒక వైపుకు గుంజుతుంది, స్టాండు మీదా ఒరుగుతుంది. పాలు పోసే ఆయన రెండు క్యాన్ల మూతలూ మార్చి మార్చి తీయడం మీరు చూసే ఉంటారు.

ప్రకటనలో మీరు చూసిన ముందు పెట్టె సైకిలు చెడ్డదని నేను అనను. దాని వెనక మంచి ఆలోచన ఉంది. హ్యాండిల్‌కీ ముందు చక్రానికీ మధ్య ఫ్రేమును బాగా కిందికి వంచి, నేలకు దగ్గరగా బల్ల పెడతారు. బరువు కిందే ఉంటుంది, కళ్ల ముందే ఉంటుంది. డెన్మార్క్‌లో దీన్ని లాంగ్ జాన్ అంటారు, సుమారు వందేళ్లుగా అక్కడ సరుకులకు వాడుతున్నారు. అదే దేశంలో కోపెన్‌హేగన్ నగరంలో క్రిస్టియానియా అనే పేట ఉంది, అక్కడ కార్లు తిరగనివ్వరు. ముందు పెట్టె, మూడు చక్రాలు ఉన్న సైకిలు ఒకటి అక్కడ 1984లో పుట్టి, ఆ పేట పేరుతోనే ఊరంతా పాకింది. పిల్లల్ని బడికి దింపడం, కూరగాయలు తెచ్చుకోవడం అన్నీ వాటి మీదే చేసుకుంటారు. మన పాలవాళ్లు కొక్కేలతో సాధించింది వాళ్లు ఫ్రేముతో సాధించారు, సూత్రం ఒక్కటే.

కాకపోతే అక్కడ సైకిలుకు వేరే బాట ఉంటుంది. ఆ సైకిలు పొడవు సుమారు రెండున్నర మీటర్లు. మీ వీధిలో దాన్ని ఒక్క ఊపులో వెనక్కి తిప్పలేరు, దిగి మూడుసార్లు ముందుకూ వెనక్కూ జరపాలి. ముందు చక్రం చిన్నది, చాలా వాటిలో 20 అంగుళాలే. పెద్ద చక్రం దాటేసే గుంతలో అది దిగుతుంది. ఆ చక్రం మీకు పెట్టె అవతల ఉంటుంది కాబట్టి గుంత కనిపించే సరికి ఆలస్యమవుతుంది. రాత్రి దాన్ని ఎక్కడ పెడతారు? మీది మొదటి అంతస్తు అని రాశారు. కింద వాటాలవాళ్ల స్కూటర్ల మధ్య రెండున్నర మీటర్ల చోటు ఎవరూ ఇవ్వరు. రేపు మీ వ్యాపారం పెరిగి 120 ప్యాకెట్లయి, కింద చోటు దొరికితే అప్పుడు దాని గురించి మళ్లీ మాట్లాడుకుందాం. అప్పుడు కూడా ముందు ఖాళీగా వారం తొక్కి, తర్వాతే సరుకు వేయాలి. దాని హ్యాండిల్ తీరే వేరు, చూపు దూరంగా రోడ్డు మీద పెట్టాలి, చక్రం వైపు చూస్తే తడబడతారు.

మూడు చక్రాల ట్రాలీ మీకు వద్దు. సిమెంటు బస్తాలకూ, బీరువాలకూ, కాళేశ్వరరావు మార్కెట్ నుంచి కూరగాయల బుట్టలకూ అది బంగారం లాంటిది. ఒకచోట ఎక్కించి ఒకచోట దించే పనికి దాన్ని మించింది లేదు. నలభై గుమ్మాల పనికి మాత్రం ఖాళీ ట్రాలీని లాగడమే సగం శ్రమ. పైగా అది మలుపులో రెండు చక్రాల సైకిలులా ఒరగదు, కొంచెం జోరుగా తిప్పితే లోపలి చక్రం లేస్తుంది. అలవాటు లేనివాళ్లు భయపడి బ్రేకు గట్టిగా పట్టేస్తారు.

మీరు కొనవలసింది రోడ్‌స్టర్ రకం, అంటే పాత నల్ల సైకిళ్ల తీరుగా ఉండే లేడీస్ ఇనుప సైకిలు, 26 అంగుళాల చక్రాలది. చీరైనా చుడీదారైనా ఎక్కి దిగడానికి నలభైసార్లు కాలు ఎత్తి తిప్పే పని ఉండదు. లేడీస్ ఫ్రేముకు పై బారు లేదు కాబట్టి బరువుకు కొంచెం ఊగుతుంది, అందుకే కింది వైపు రెండు బార్లు ఉన్న మోడల్ ఏరుకోండి. చైనుకు పూర్తి కవరు, వెనక చక్రానికి చీర పడకుండా జల్లెడ తప్పనిసరి. షోకు సైకిళ్ల లావు టైర్లు చూసి మోసపోవద్దు. వెనక షాకబ్జర్ ఉన్న సైకిలైతే బరువు పనికి అసలు పనికిరాదు. మీ కాలి శ్రమలో కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది, పైగా చట్రం బిగించే చోటూ ఉండదు.

కొన్నాక మొదటి రోజే వెనక చక్రం విప్పించండి. పాత నల్ల సైకిళ్లకు ముందు చక్రానికి 32 పుల్లలు (స్పోకులు), వెనక చక్రానికి 40 ఉండేవి. బరువంతా వెనకే పడుతుందని తెలిసి పెట్టిన లెక్క అది. మీరు కొనే సైకిలుకు వెనక 36 ఉంటే, లావు పుల్లలు వేయించి గట్టిగా బిగించమనండి. పదిహేను రోజులు బరువుతో తిరిగాక మళ్లీ తెచ్చి బెండు తీయించండి. కొత్త పుల్లలు సర్దుకునేటప్పుడు వదులవుతాయి, అప్పుడు బిగించిన చక్రం ఏళ్లు నడుస్తుంది, వదిలేసిన చక్రానికి ఒక్కొక్కటే తెగుతూ పోతాయి. ఒక పుల్ల తెగితే ఆ బరువు పక్కవాటి మీద పడుతుంది. 'ఒక్కటే కదా, ఆదివారం వేయిద్దాం' అన్నవాళ్లు గురువారానికి మూడు తెగి వస్తారు. గాలి సంగతి రోజూ పొద్దున్నే బొటనవేలితో నొక్కి చూడండి, వెనక టైరు గట్టిగా రాయిలా ఉండాలి.

మీరు తొక్కగలరా అన్న దానికి ఇక్కడ జవాబు చెబుతాను. మీ ఒళ్లు 55 కిలోలు, సైకిలు 22, సరుకూ చట్రమూ 35 అనుకుందాం, మొత్తం 112 కిలోలు. చదును రోడ్డు మీద గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోవడానికి నా లెక్కలో సుమారు 50 వాట్ల శ్రమ చాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటసేపు మాట్లాడుతూ చేయగలిగిన పని అది. అదే వంద మీటర్లకు మూడు మీటర్లు లేచే ఎత్తు వస్తే, వేగం 8కి తగ్గించుకున్నా శ్రమ 100 వాట్లకు చేరుతుంది. రెట్టింపు! అంటే మిమ్మల్ని అలసిపోయేలా చేసేది బరువు కంటే ఎత్తు. మీ రూట్లన్నీ చదునే. సింగ్ నగర్ ఫ్లైఓవర్ అవతల ఇద్దరు ఖాతాదారులున్నారని రాశారు, వాళ్లను మీవారికి అప్పగించండి.

చిన్న ఎత్తులకు, ఆగి మళ్లీ కదిలేటప్పటి గుంజుడుకు మోటారు అక్కర్లేని మందు ఒకటుంది. మామూలు సైకిలుకు వెనక 18 పళ్ల ఫ్రీవీలు, అంటే చైను తిరిగే పళ్ల చక్రం ఉంటుంది. అది తీసి 22 పళ్లది వేయించండి. పెడలు మీద పడే బలం ఇంచుమించు ఐదో వంతు తగ్గుతుంది. దానికి తగ్గట్టు వేగమూ తగ్గుతుంది, కానీ గుమ్మం గుమ్మానికీ ఆగే మనిషికి వేగంతో పనేముంది? చైనుకు ఒకటి రెండు లింకులు కలపాలి, అంతే. కొన్ని వందల రూపాయల పని. మోటారు పెట్టించుకుందామని నా దగ్గరికొచ్చిన వాళ్లలో చాలామందికి ముందు ఇదే వేసి పంపాను. మోకాళ్లు తేలికపడ్డాయని వాళ్లే వచ్చి చెప్పారు. సీటు ఎత్తు కూడా చూసుకోండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేలా దించేస్తే ధైర్యంగా ఉంటుంది గానీ మోకాలు నాలుగు నెలల్లో నొప్పి పడుతుంది. పెడలు అడుగున ఉన్నప్పుడు మోకాలు కాస్తే వంగాలి, ఆగినప్పుడు సీటు మీంచి ముందుకు జారి కాలు ఆనించండి.

బ్రేకుల విషయంలో పొదుపు వద్దు. మెరిసే ఇనుప రిమ్ముల మీద రాడ్ బ్రేకులు ఎండలో బాగానే పడతాయి. వానలో తడిస్తే రబ్బరు జారి, మీరు ఆగాలనుకున్న చోటుకు ఎన్నో గజాల అవతల ఆగుతారు, అందులోనూ 35 కిలోల బరువుతో. ముందు చక్రానికైనా అల్యూమినియం రిమ్ము వేయించి తీగ బ్రేకులు పెట్టించండి. తేడా మొదటి వానలోనే తెలుస్తుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. రోజుకు రెండు రౌండ్లు, 12 కిలోమీటర్లు, నెలకు 360. ఆగి ఆగి పోయే స్కూటీ లీటరుకు 40 ఇస్తే 9 లీటర్లు, లీటరు 110 రూపాయలనుకుంటే నెలకు వెయ్యి రూపాయలు. పది పన్నెండు వేల సైకిలు ఏడాదిలో ఆ డబ్బు తిరిగి ఇస్తుంది. 65 వేల సైకిలుకు ఐదేళ్లు పైనే పడుతుంది, ఆలోపు బ్యాటరీ మార్చాల్సి రావచ్చు. పెట్రోలు మిగులుతుందన్న ఒక్క కారణంతో దాన్ని కొంటే లెక్క కుదరదు. రెండో స్కూటర్ కొనడమా, కరెంటు సైకిలు కొనడమా అన్న ప్రశ్న వచ్చిన రోజున దానికి అర్థం ఉంటుంది.

మోటారు ఎప్పుడైనా పెట్టుకోవాలనిపిస్తే చట్టం సంగతి తెలుసుకుని ఉండండి. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బండి బరువు 60 కిలోలు మించకుండా ఉండి, ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ ఆమోదం ఉన్నదానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ఆ ఆమోదం కాగితం చూపించమని అమ్మేవాళ్లను అడగండి, 'లైసెన్సు అక్కర్లేదు మేడం' అన్న నోటి మాట చాలదు. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 360 వాట్ అవర్లు ఉంటాయి, నింపడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. మీరూ తొక్కుతూ పోతే బరువుతో 20, 25 కిలోమీటర్లు వస్తుంది. మామూలు సైకిలుకే మోటారు కిట్ వేయిస్తే మోటారు వెనక చక్రానికే పెట్టించండి. చవక సైకిళ్ల ముందు ఫోర్కు చివర్లు పలచగా ఉంటాయి, మోటారు మెలిపెట్టే బలానికి ఇరుసు జారి చక్రం ఊడే ప్రమాదం ఉంది. ఛార్జింగ్ వంటింట్లో పొయ్యి దగ్గర వద్దు, అందరూ నిద్రపోయాక రాత్రంతా వదిలేయడం వద్దు, ఎండలోంచి వచ్చి వేడిగా ఉన్నప్పుడు వెంటనే పెట్టడం వద్దు. వానలకు రైల్వే అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిస్తే మోటారున్నా లేకున్నా అందులోకి దిగకండి, అడుగున ఏముందో కనపడదు.

పిండి గురించి మీకు నేను చెప్పేదేముంది. కానీ సైకిలు మీద పిండి వేసే ఇంకో అమ్మాయికి నేను చట్రం చేసిచ్చాను, ఆమె దగ్గర చూసింది చెబుతాను. మే నెలలో మధ్యాహ్నం మూడున్నరకు బయల్దేరితే నాలుగున్నరకు అడుగు వరసలో ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బాయి, రెండు పగిలి సంచంతా పులిసిన వాసన. తర్వాత ఆమె చేసింది ఇదీ: సంచిలో నాలుగు వైపులా థర్మోకోల్ రేకులు నిలబెట్టింది, పైన తడిపి పిండిన గోనె గుడ్డ కప్పింది, ప్యాకెట్‌లో నాలుగో వంతు ఖాళీ ఉంచి కట్టింది. రౌండు ఐదున్నరకు మార్చుకుంది. ఆ తర్వాత ప్యాకెట్ పగల్లేదు. మీరు పొద్దున ఐదున్నరకు, సాయంత్రం ఐదున్నరకు పెట్టుకుంటే పిండికీ మంచిది, మీకూ మంచిది. ఏలూరు రోడ్డు దాటడానికి పొద్దున ఆ వేళే సుఖం. సాయంత్రం రౌండుకు వెనక ఎర్ర లైటు, సంచుల మీద మెరిసే టేపు అంటించండి, చీకట్లో కారువాడికి సైకిలు కంటే ముందు అదే కనపడుతుంది.

మీ అత్తగారు 'స్కూటీ మీద తిరిగిన కోడలు సైకిలెక్కితే నలుగురూ చితికిపోయారనుకుంటారు' అన్నారని రాశారు. పెద్దావిడ బాధ నాకు అర్థమవుతుంది. వాళ్ల కాలంలో సైకిలు కూడా లేనితనం చూశారు, స్కూటర్ రావడమంటే ఒక మెట్టు ఎక్కడం. ఆమెతో వాదించకండి. సైకిలుకు శుభ్రంగా రంగు వేయించి, రెండు సంచుల మీదా మీ పిండి పేరు, ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. కుంకుమ పెట్టి కొబ్బరికాయ ఆమె చేతే కొట్టించండి. నేను చట్రం చేసిచ్చిన అమ్మాయికి సంచి మీద నంబరు చూసి ఫోన్ చేసినవాళ్లే ఇవాళ సగం మంది ఖాతాదారులు. స్కూటర్ మీద జోరుగా పోయేటప్పుడు ఆ అక్షరాలు ఎవరూ చదవలేరు, సైకిలు మీద అయితే వీధి మొత్తం చదువుతుంది.

ఏదైనా కొనేముందు ఒక పని చేయండి. పక్కింటివాళ్లదో చుట్టాలదో ఒక లేడీస్ సైకిలు వారం రోజులు అడిగి తీసుకోండి. లీటరు నీళ్ల సీసాలు పదిహేనేసి రెండు సంచుల్లో వేసి పక్కలకు గట్టిగా కట్టి, పొద్దున ఐదున్నరకు మీ రూటంతా ఒకసారి తిరగండి. ప్రతి గుమ్మం దగ్గరా నిజంగా ఆపండి, స్టాండు వేయండి, ఒక సీసా తీసి పక్కన పెట్టి మళ్లీ వేయండి. ఎక్కడ ఒరిగింది, ఎక్కడ కుక్కలు వెంటపడ్డాయి, ఎక్కడ గేటు ముందు చోటు లేదు అన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. మూడో రోజుకే మీ రూటు మారుతుంది, ఎడమ చేతి వైపు ఇళ్లన్నీ ముందు, తిరుగు దారిలో రెండో వైపు ఇళ్లు అన్నట్టుగా. రోడ్డు అడ్డంగా దాటడాలు సగానికి తగ్గుతాయి.

ఆ వారం అయ్యాక మీ ఎత్తు, మీ మెట్ల కింద ఖాళీ ఎంత పొడవు ఎంత వెడల్పు, వీధి గేటు వెడల్పు, ఒక ప్యాకెట్ పొడవు వెడల్పులు ఇక్కడే రాయండి. సంచుల చట్రానికి కొలతలు వేసి బొమ్మ గీసి పెడతాను. మీ దగ్గర్లో ఏ వెల్డింగ్ షాపులో చూపించినా చేసిచ్చేస్తారు.